బోస్టన్‌లో సైనికుల నాటకాలు: ఆ కోపం వెనక కథ

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న 1776 జనవరి 8 రాత్రి బోస్టన్‌లోని ఫానుయిల్ హాలులో బ్రిటిష్ సైనికాధికారులు నాటకం వేస్తున్నారు. సుసానా సెంట్‌లివర్ హాస్య నాటకం 'ది బిజీ బాడీ' అయిపోయింది. తర్వాతది 'ది బ్లాకేడ్ ఆఫ్ బోస్టన్' అనే ప్రహసనం. బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ రాశాడని చెప్పే ఇందులో అమెరికన్ సైన్యాధిపతి జార్జ్ వాషింగ్టన్‌కు పెద్ద విగ్గు పెట్టి, తుప్పుపట్టిన పొడవాటి కత్తి ఇచ్చి ఎగతాళి చేశారు. అది మొదలవుతుండగానే ఒక సార్జెంట్ పరుగున వచ్చి, అమెరికన్లు పక్కనే ఉన్న చార్లెస్‌టౌన్ మీద పడ్డారని చెప్పాడు. అదీ నాటకంలో ముక్కే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నిజమని తెలిశాక గందరగోళమే. అధికారులు వాద్యకారుల ఫిడేళ్లు తొక్కుకుంటూ దూకారని, వేషాల్లో ఉన్నవాళ్లు ముఖాన రంగు కడుక్కోవడానికి నీళ్లు నీళ్లని కేకలేశారని అప్పటి ఉత్తరం ఒకటి చెబుతుంది.

ఈ సంఘటనను సరదా కథగా చెప్పుకోవడం మామూలే. కానీ ఊరివాళ్ల వైపు నుంచి చూడాలి. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో నాటకాలను 1750 నుంచే చట్టం నిషేధించింది. పైగా అది వాళ్లు బ్రిటిష్ పన్నులకు వ్యతిరేకంగా సభలు పెట్టుకున్న హాలు. 1775 ఏప్రిల్ నుంచి ఊరి చుట్టూ అమెరికన్ సేనల ముట్టడి. తిండికి కరువు, కట్టెల కోసం ఇళ్లే పడగొడుతున్నారు. టికెట్ల డబ్బు సైనికుల వితంతువులకు, పిల్లలకు ఇస్తామని అధికారులు ప్రకటించారు. మంచి పనే. అయినా తమ సభాస్థలంలో, తమ నాయకుణ్ణే వెక్కిరిస్తుంటే ఎవరికి మండదు?

బ్రిటిష్ సైన్యం చేతిలో ఉన్న న్యూయార్క్‌లో ఇది ఇంకా పద్ధతిగా సాగింది. 1767లో కట్టిన జాన్ స్ట్రీట్ నాటకశాలకు 'థియేటర్ రాయల్' అని పేరు మార్చి, 1777 జనవరిలో ఫీల్డింగ్ ప్రహసనం 'టామ్ థంబ్'తో తెర లేపారు. సైన్యంలో వైద్యుడైన హామండ్ బ్యూమాంట్ నిర్వహణ చూసుకున్నాడు.

నాటకాలంటే కొత్త అమెరికాకు పడకపోవడానికి మతనిష్ఠ ఒక్కటే కారణం కాదని నాకనిపిస్తుంది. వినోదాలు మానుకోమని అమెరికన్ వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ 1774లోనే పిలుపిచ్చింది. 1778 మేలో వాలీ ఫోర్జ్ శిబిరంలో వాషింగ్టన్ సైన్యం వాళ్లే 'కేటో' అనే నాటకం ఆడారు. అయినా ఆ అక్టోబరులో, నాటకం ఆడిన, ప్రోత్సహించిన అధికారులెవరూ పదవికి తగరని కాంగ్రెస్ తీర్మానించింది. ఎర్రకోటు బ్రిటిష్ సైనికుల వినోదంగా ముద్రపడ్డ నాటకం అప్పటికి శత్రువు పక్షాన నిలబడిపోయింది.

యుద్ధం ముగిశాక 1787లో అదే జాన్ స్ట్రీట్ వేదిక మీద అమెరికన్ రచయిత రాయల్ టైలర్ హాస్య నాటకం 'ది కాంట్రాస్ట్' ఆడింది. అందులో నవ్వులపాలైంది ఇంగ్లీషు ఫ్యాషన్ల మోజు. మసాచుసెట్స్ నిషేధం ఎత్తేయడానికి మాత్రం 1793 దాకా పట్టింది.