గుళ్లకు రాసిన వీలునామా, బడిగా లేచిన గ్రీకు గుడి
చెన్నై జార్జిటౌన్‌లో ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు రద్దీలో నడుస్తూ తలెత్తి చూస్తే పచ్చయప్ప హాలు కనిపిస్తుంది. ఎత్తైన స్తంభాల వరుస, వాటి మీద త్రికోణపు నెత్తి. చూడగానే గ్రీకు గుడి గుర్తొస్తుంది. అది బడి కోసం కట్టింది. దానికి పెట్టిన డబ్బు ఎవరిదో ఆ మనిషి మాత్రం బడి గురించి అనుకోనేలేదు. గుళ్లకే రాశాడు.

పచ్చయప్ప మొదలియారు 1754లో పుట్టాడు. అప్పటికే తండ్రి లేడు. మద్రాసులో నారాయణ పిళ్లె అనే దుబాసి ఆ కుటుంబాన్ని చేరదీశాడు. ఇంగ్లీషు దొరలకూ ఊరి వ్యాపారులకూ మధ్య మాట నడిపేవాడే దుబాసి. మన తెలుగువాళ్లు కూడా ఎందరో మద్రాసులో ఆ పనితోనే పైకొచ్చారు. పచ్చయప్ప చిన్న వయసులోనే దుబాసి అయ్యాడు, బాగా సంపాదించాడు. 1794 మార్చిలో, నలభై ఏళ్లకే చనిపోయాడు. పోయే ముందు రాసిన వీలునామాలో ఆస్తిని దేవాలయాల పూజలకు, దానధర్మాలకు కేటాయించాడు.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. ఆస్తి చేతులు మారింది, ధర్మాలు ఆగిపోయాయి, తగాదాలు మొదలయ్యాయి. ఎవరూ పట్టించుకోకపోతే ఆ వీలునామా చెదలు పట్టి పోయేదే. అడ్వకేట్ జనరల్‌గా, అంటే ప్రభుత్వ ప్రధాన న్యాయవాదిగా ఉన్న హెర్బర్ట్ కాంప్టన్ విషయాన్ని అప్పట్లో మద్రాసులో ఉన్న సుప్రీంకోర్టు ముందు పెట్టాడు. ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జార్జ్ నార్టన్ దాన్ని వదలకుండా పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో వడ్డీ మీద వడ్డీ చేరి సొమ్ము లక్షలకు పెరిగింది. గుళ్లకు చెప్పినవన్నీ చేయగా ఇంకా మిగిలింది. ఆ మిగులును చదువుకు వాడమని కోర్టు చెప్పింది. నా దృష్టిలో ఈ బడికి అసలు పునాది ఆ తీర్పే. ధర్మకర్తల్లో ముందు నిలిచిన శ్రీనివాస పిళ్లె పట్టుదల కూడా అందులో ఉంది.

1842లో బ్రాడ్‌వేలో బడి తెరిచారు. దాని కొత్త భవనానికి, అంటే ఈ పచ్చయప్ప హాలుకు, 1846లో నార్టన్ శంకుస్థాపన చేశాడు. 1850లో గవర్నర్ హెన్రీ పాటింజర్ ప్రారంభించాడు.

నమూనాగా తీసుకున్నది ఏథెన్స్‌లో క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో కట్టిన గుడిని. దానికి ముందువైపు ఆరు స్తంభాలు, పక్కన పదమూడు. ఒక్కో స్తంభం కింద లావుగా మొదలై పైకి పోనుపోను సన్నబడుతుంది. నిలువునా గాళ్లు చెక్కి ఉంటాయి. ఎండ పడితే గాడి లోపల నీడ, అంచున వెలుగు, అందుకే అంత బరువైన రాయి కూడా తేలిగ్గా కనిపిస్తుంది. అప్పట్లో దాన్ని థీసియస్ గుడి అనేవాళ్లు. నిజానికది కమ్మరి పనికి, చేతిపనులకు దేవుడైన హెఫైస్టస్‌ది. ఏథెన్స్‌లో అదంతా పాలరాయి. మద్రాసు మేస్త్రీల చేతిలో ఉన్నవి ఇటుక, సున్నం. అయినా వాటితోనే ఆ ఠీవి తెచ్చారు, అది చిన్న పనేం కాదు.

ఆ బడే తర్వాత కాలేజీ అయింది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ 1906లో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) చదవడానికి చేరింది ఈ పచ్చయప్ప కాలేజీలోనే. లెక్కలు తప్ప మరేదీ పట్టించుకోకపోవడంతో పరీక్ష గట్టెక్కలేదు. కాలేజీ 1940లో చెట్‌పట్‌కు మారింది. హిందువుల ధర్మనిధి కాబట్టి 1947 దాకా హిందూ విద్యార్థులనే చేర్చుకున్నారు. అన్నేళ్లపాటు ఆ వాకిలి మిగతా పిల్లలకు మూసే ఉంది. ఈ బడి గొప్ప చెప్పేటప్పుడు ఆ మాట దాటేయకూడదు.

గుళ్ల సంగతి కూడా మరుగున పడలేదు. చిదంబరంలో తూర్పు గోపురాన్ని బాగుచేయించింది పచ్చయప్ప అత్తగారు సుబ్బమ్మాళ్. ఆ గోపురం మీద పచ్చయప్ప, ఆయన భార్య ఇయలమ్మాళ్ శిల్పాలు ఉన్నాయి. స్వామివారి రథం బాగోగులు చూసేది పచ్చయప్ప ట్రస్టే.