రెండో పాటదారు కోసం రాయండి: ఆన్‌లైన్ వేలం లిస్టింగ్‌లపై అపోహలు - వాస్తవాలు

నేను పాత కెమెరాలు, లెన్సులు, చేతి గడియారాలు, ఫౌంటెన్ పెన్నులు ఆన్‌లైన్ వేలం సైట్లలో అమ్ముతాను. ఇదే నా జీవనోపాధి. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు, వస్తువును అమ్మకానికి పెట్టిన పేజీలను, అంటే తమ లిస్టింగ్‌లు నాకు చూపించి, ఇంత మంచి వస్తువు ఇంత తక్కువకు ఎందుకు పోయిందని అడుగుతుంటారు. ఆ బాధ నాకూ తెలుసు. వారి లిస్టింగ్‌లు చదివితే ఒకరి నుంచి ఒకరికి చేరిన కొన్ని నమ్మకాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం.

అపోహ: వస్తువుపై మనసుపడ్డవారు ఒక్కరు దొరికితే చాలు, మంచి ధర వస్తుంది.

వాస్తవం: నిర్ణీత ధరకు అమ్మేటప్పుడు ఒక్కరు చాలు. వేలంలో చాలరు. ఈబే వంటి సైట్లలో పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తారు. ఆ అంకెను సైట్ ఎవరికీ చూపదు. మరొకరు పోటీకి వచ్చినప్పుడల్లా వారి తరఫున అవసరమైనంత మేరకే పాట పెంచుతుంది. అందువల్ల చివరికి పలికే ధర గెలిచినవారి గరిష్ఠ మొత్తం కాదు, రెండో స్థానంలో నిలిచినవారి మొత్తానికి ఒక మెట్టు పైన. ఒకరు 100 వరకు, మరొకరు 40 వరకు సిద్ధపడితే మీ చేతికి వచ్చేది 40 కంటే కాస్త ఎక్కువ. రెండో ధర మీద నడిచే ఇలాంటి వేలం తర్కాన్ని ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లోనే విశ్లేషించారు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

నా పని తీరును మార్చింది ఈ ఒక్క విషయమే. ఆ వస్తువు కోసం ఏళ్లుగా వెతుకుతున్నవారు మసక ఫోటో చూసి కూడా పాడతారు. కొందామా వద్దా అని ఊగిసలాడుతున్న రెండో మనిషి మాత్రం ఒక్క సందేహం మిగిలినా పక్కకు తప్పుకుంటారు. వారు తప్పుకుంటే పోయేది మన డబ్బు. కింద రాసినవన్నీ ఆ రెండో మనిషిని దృష్టిలో పెట్టుకుని చదవండి.

అపోహ: శీర్షిక ఆకట్టుకునేలా ఉండాలి.

వాస్తవం: శీర్షిక ముందు దొరకాలి. ఈబేలో శీర్షికకు ఖాళీలతో కలిపి 80 అక్షరాలే ఇస్తారు. "అద్భుతం", "అరుదైన అవకాశం", "తప్పక చూడండి" అనే మాటలు టైప్ చేసి ఎవరూ వెతకరు. తయారీదారు పేరు, మోడల్, దాని సంఖ్య, కొలత, రంగు, జతగా ఏమి వస్తున్నాయి అన్నవి వెతుకుతారు. లెన్స్ అయితే ఫోకల్ లెంగ్త్ (దృశ్యం ఎంత దగ్గరగా కనిపిస్తుందో తెలిపే కొలత), అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం), మౌంట్ (కెమెరాకు బిగించే అమరిక) మూడూ శీర్షికలోనే ఉండాలి. చాలామంది తమ దగ్గరున్న కెమెరా మౌంట్ పేరుతోనే వెతుకుతారు కాబట్టి, అది వివరణలో ఎక్కడో దాగి ఉంటే వారికి మీ లెన్స్ ఉన్నట్టే తెలియదు. సంబంధం లేని పెద్ద బ్రాండ్ల పేర్లు శీర్షికలో చొప్పించడం ఈబే నిబంధనలకు విరుద్ధం. పైగా అలా దారి తప్పి వచ్చినవారు పాడరు. అదనపు రుసుముతో వచ్చే ఉపశీర్షికపై ఆశ పెట్టుకునేవారికి ఒక మాట: మామూలుగా వెతికినప్పుడు ఈబే అందులోని పదాలను లెక్కలోకి తీసుకోదు.

లిస్టింగ్ పెట్టేటప్పుడు సైట్ అడిగే వర్గం, బ్రాండ్, కొలత వంటి గడులను ఖాళీగా వదిలేయడం కూడా ఇలాంటి తప్పే. కొనేవారు పక్కనున్న ఫిల్టర్‌లో "నలుపు" అని టిక్ పెట్టగానే, రంగు గడి నింపని నల్ల కెమెరా ఆ జాబితా నుంచి మాయమవుతుంది. పది నిమిషాల పని ఇది, విసుగు పుట్టించే పనే, అయినా చేయండి.

అపోహ: ఫోటోలు అందంగా ఉంటే చాలు. మంచి ఫోటో కావాలంటే ఖరీదైన కెమెరా కావాలి.

వాస్తవం: ఫోనుతో తీసినా సరిపోతుంది. వేలం ఫోటో అందానికి కాదు, కొనేవారి చేతుల బదులు పనిచేయడానికి. వారు వస్తువును చేతిలోకి తీసుకుని ఉంటే ఏం చేసేవారో ఒకసారి ఊహించండి. తిప్పి చూస్తారు, అడుగుభాగం చూస్తారు, మూత తీస్తారు, వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటారు. ఆ ప్రతి కదలికకూ ఒక ఫోటో ఉండాలి. ఈబేలో ఒక లిస్టింగ్‌కు 24 ఫోటోల వరకు పెట్టవచ్చు. పొడవైన అంచు కనీసం 500 పిక్సెళ్లు ఉండాలన్నది నిబంధన, 1600 ఉంటే మేలన్నది వారి సలహా. పెద్దది చేసి గీతలు చూడాలనుకునేవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది.

వెలుతురు గురించి నేను నేర్చుకున్నది కాస్త వివరంగా చెబుతాను. నేరుగా పడే ఎండ వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. కిటికీ పక్కన, నీడలో, సాదా గుడ్డపై పెట్టి తీస్తే రంగు నిజంగా కనిపిస్తుంది. గీతలు చూపాలంటే మాత్రం వెలుతురు పక్క నుంచి, ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా ఉండాలి. ఎదురు వెలుతురులో నున్నగా కనిపించిన గడియారం అద్దం అప్పుడు తన అసలు వయసు చెబుతుంది. లెన్స్‌లో బూజు ఉందో లేదో తెలియాలంటే రెండు మూతలూ తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ఫోటో తీయండి. పెన్ను అయితే పాళీకి దగ్గరగా, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పరిమాణం తెలియడానికి పక్కన స్కేలు పెట్టండి. తయారీదారు ఇచ్చిన ప్రచార చిత్రాన్ని వాడిన వస్తువుకు పెట్టడాన్ని ఈబే అనుమతించదు. అనుమతించే సైట్లలోనూ నేను పెట్టను. అమ్మేది ఆ బొమ్మలోని వస్తువును కాదు కదా.

అపోహ: లోపాలు చెబితే ధర పడిపోతుంది. "పరీక్షించలేదు" అని రాసేస్తే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే.

ఒకసారి పని ఒత్తిడిలో ఒక రేంజ్‌ఫైండర్ కెమెరాను "పరీక్షించలేదు" అని రాసి వేలానికి పెట్టాను. ఒక్కరే పాడారు. ప్రారంభ ధరకే పోయింది. కొన్ని నెలల తరువాత అదే మోడల్, ఇంకా ఎక్కువ గీతలున్నది, నా చేతికి వచ్చింది. ఈసారి షట్టర్‌ను ప్రతి వేగంలోనూ నొక్కి చూశాను. 1 సెకను, 1/2 సెకను దగ్గర తడబడుతోందని రాశాను. లైట్ మీటర్ పనిచేయడం లేదని రాశాను. బ్యాటరీ గదిలోని తుప్పును దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టాను. ఐదుగురు పోటీపడ్డారు, మొదటిదానికంటే బాగా ఎక్కువ ధర పలికింది.

ఇందులో వింత లేదు. నెమ్మది వేగాలు తడబడితే శుభ్రం చేయించాలని, దానికి సుమారు ఎంత అవుతుందో పాత కెమెరాలు కొనేవారికి తెలుసు. ఆ ఖర్చు తీసేసి మిగతాది పాడతారు. లోపం ఏమిటో తెలియనప్పుడు మాత్రం అన్నిటికంటే చెడ్డ లోపమే ఉందని అనుకుని పాడతారు, లేదా పాడరు. అమ్మేవారికి తెలిసినది కొనేవారికి తెలియకపోతే మంచి సరుకు కూడా నాసిరకం ధరకే పోతుందని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించారు. ఈబేలో కార్ల వేలాలను పరిశీలించి గ్రెగరీ లూయిస్ 2011లో ప్రచురించిన అధ్యయనం కూడా, అమ్మేవారు ఫోటోల్లో, వివరణలో ఎంత బయటపెట్టారన్నదానిపై ధర ఆధారపడుతుందని తేల్చింది.

ఈబే తొలినాళ్ల కథ ఒకటి మీరు వినే ఉంటారు. 1995లో దాని స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ పెట్టిన పాడైపోయిన లేజర్ పాయింటర్ 14.83 డాలర్లకు అమ్ముడుపోయింది. అది పనిచేయదని కొన్నవారికి అర్థమైందో లేదోనని ఆయన మళ్లీ అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లే తాను సేకరిస్తానని జవాబు వచ్చింది. విడిభాగాల కోసం కొనేవారు, బాగుచేసి అమ్మేవారు, సేకరించేవారు అన్ని రంగాల్లోనూ ఉన్నారు. లోపాన్ని స్పష్టంగా రాస్తేనే వారు మీ దగ్గరకు వస్తారు.

"బాగుంది", "వయసుకు తగ్గట్టుంది" అనే మాటలు మానేయండి. "అద్దంపై 12 గంటల అంకె దగ్గర 3 మిల్లీమీటర్ల గీత, గోటికి తగులుతుంది" అని రాయండి. ఫోనులో చూసేవారికి వివరణలో మొదటి కొన్ని పంక్తులే కనిపిస్తాయి కాబట్టి, ముఖ్యమైన లోపం, ముఖ్యమైన గుణం రెండూ అక్కడే ఉండాలి. మీ పరిచయం, ప్యాకింగ్ కబుర్లు తరువాత.

అపోహ: "రిటర్న్‌లు లేవు, ఉన్నది ఉన్నట్టుగా" అని రాస్తే బాధ్యత తీరిపోతుంది.

వాస్తవం: తీరదు. వస్తువు వివరణకు తగ్గట్టు లేకపోతే, రిటర్న్‌లు లేవని మీరు రాసినా ఈబే హామీ కింద కొన్నవారు డబ్బు వెనక్కి కోరవచ్చు. మిమ్మల్ని కాపాడేది మీరు తీసిన ఆ గీత ఫోటో.

అపోహ: తక్కువ ధరతో మొదలుపెడితే ఎప్పుడూ పెద్ద ధర వస్తుంది.

వాస్తవం: సగం నిజం. గిలియన్ కు, ఆడమ్ గలిన్‌స్కీ, కీత్ మర్నిఘన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో తక్కువ ప్రారంభ ధర ఎక్కువమందిని లోపలికి లాగి చివరి ధరను పెంచడం కనిపించింది. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. వస్తువు పేరు తప్పు స్పెల్లింగ్‌తో ఉన్న వేలాల్లో ఈ లాభం కనిపించలేదు. జనం చేరలేని చోట తక్కువ ధర తక్కువగానే మిగిలిపోతుంది. నేను పాటించే పద్ధతి చెబుతాను. అదే మోడల్ ఈమధ్య ఎన్నిసార్లు అమ్ముడైందో, ప్రతిసారీ ఎంతమంది పాడారో పూర్తయిన వేలాల జాబితాలో చూస్తాను. నలుగురైదుగురు పోటీపడిన వస్తువైతే ధైర్యంగా తక్కువకు పెడతాను. ఏడాదికి ఒకరిద్దరు అడిగే వస్తువైతే, ఆ ఒక్కరికే పోయినా నాకు బాధ కలగని ధర దగ్గర మొదలుపెడతాను.

అపోహ: అంత భయమైతే రహస్య రిజర్వ్ ధర (అంతకంటే తక్కువకు అమ్మనని, పాటదారులకు కనిపించకుండా పెట్టే కనీస ధర) పెట్టుకోవచ్చు.

వాస్తవం: రమా కట్కర్, డేవిడ్ రైలీ ఒకే రకం పోకెమాన్ కార్డుల 50 జతలతో ఈబేలో ప్రయోగం చేశారు. ప్రతి జతలో ఒకదానికి కనిపించే ప్రారంభ ధర, మరొకదానికి అంతే మొత్తంలో రహస్య రిజర్వ్. రిజర్వ్ పెట్టినవి తక్కువగా అమ్ముడుపోయాయి, తక్కువ ధరే తెచ్చాయి. పాట పాడాక "రిజర్వ్ ధర చేరలేదు" అని చూసినవారికి ఇంకెంత పెంచాలో తెలియదు. రెండో మనిషి అక్కడే ఆగిపోతారు.

అపోహ: వేలం ఆదివారం సాయంత్రమే ముగియాలి.

వాస్తవం: అందరూ అదే అనుకోవడం వల్లే చిక్కు వచ్చింది. యూరి సైమన్‌సన్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రద్దీ వేళల్లో కొనేవారు పెరిగినదానికంటే ముగిసే వేలాలు ఎక్కువగా పెరిగి, ఆ వేళల్లో అమ్మకం అవకాశమూ ధరా తగ్గాయి. మీలాంటి వస్తువులు ఎన్ని ఏ గంటలో ముగుస్తున్నాయో చూసి, వాటికి దూరంగా జరగండి. ఎన్ని రోజుల వేలమైనా మొదలుపెట్టిన వేళకే ముగుస్తుందని మరవకండి. అర్ధరాత్రి తీరిక దొరికిందని అప్పుడే పెడితే అర్ధరాత్రే ముగుస్తుంది.

అపోహ: మూడో రోజుకీ పాటలు రాకపోతే లిస్టింగ్ విఫలమైనట్టే.

వాస్తవం: తెలిసినవారు చివరిదాకా చేయి చూపరు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఈబే వేలాలను, చివర్లో పాట వస్తే గడువు పొడిగించే, అప్పట్లో నడిచిన అమెజాన్ వేలాలతో పోల్చారు. గడువు కచ్చితంగా ముగిసే ఈబేలో ఆఖరి నిమిషాల పాటలు చాలా ఎక్కువ. ఈబేలోనే కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల్లో అది మరింత ఎక్కువ. వస్తువు అసలైనదని గుర్తించిన నిపుణులొకరు ముందే పాడితే, ఆ సంగతి మిగతావారికీ తెలిసిపోతుంది మరి. మధ్యలో నిశ్శబ్దం చూసి కంగారుపడి వేలం రద్దు చేయకండి. పాటల సంఖ్య కన్నా ఎంతమంది గమనిస్తున్నారో చూడండి.

అపోహ: కొత్త ఖాతాతో మంచి ధర రాదు.

వాస్తవం: తేడా ఉంది, కానీ కొండంత కాదు. పాల్ రెస్నిక్ బృందం పాత పోస్టుకార్డులతో చేసి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పేరున్న ఖాతాకు కొనేవారు కొత్త ఖాతాల కంటే 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. నా అనుభవంలో మసక ఫోటోల వల్ల పోయేది అంతకంటే ఎక్కువ.

చివరగా కొనేవారి ప్రశ్నల గురించి. చాలామంది అమ్మకందారులు వాటిని తలనొప్పిగా చూస్తారు. నేను వాటి కోసం ఎదురుచూస్తాను. మొన్న ఒక ఫౌంటెన్ పెన్ను పెట్టినప్పుడు, మూత బిగించాక వదులుగా తిరుగుతుందా అని ఒకరు అడిగారు. పాటలు ఇంకా మొదలుకాలేదు. మరలు బాగానే ఉన్నాయని వారికి జవాబిచ్చి, మూత తీసి మరలు కనిపించేలా ఒక ఫోటో చేర్చి, వివరణ మూడో పంక్తిలో ఆ మాట రాశాను. అప్పటి నుంచి ఏ పెన్ను పెట్టినా ఆ ఫోటో తప్పకుండా తీస్తున్నాను.