ఆ జెల్ మొదట్లో పనిచేసి, తర్వాత ఎందుకు మానేస్తుంది?

మొటిమలకి ఏదైనా ఇవ్వండి అని మెడికల్ షాపులో అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ 1% జెల్. కొన్ని వారాలు రాస్తే ఎర్రటి గడ్డలు తగ్గుతాయి, మనకీ నమ్మకం కుదురుతుంది. కొన్ని నెలలకి అదే ట్యూబు రాస్తున్నా కొత్తవి వస్తూనే ఉంటాయి. అప్పుడు కంపెనీ మారుస్తాం. లోపలి మందు మాత్రం అదే!

మొటిమ మొదలయ్యేది వెంట్రుక కుదురు దగ్గర. చర్మం వదిలిన మృతకణాలు, జిడ్డు కలిసి దాని మూతిని మూసేస్తే, గాలి అంతగా ఆడని ఆ చోట క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. ఇది మొటిమలు లేనివాళ్ల ముఖం మీద కూడా ఉండేదే, కాబట్టి రోజుకి పదిసార్లు సబ్బుతో తోమి లాభం లేదు.

క్లిండమైసిన్ ఆ బాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముకి అతుక్కుని ఆ తయారీని ఆపుతుంది, వాపునీ కొంత తగ్గిస్తుంది. మూసుకుపోయిన మూతిని మాత్రం తెరవలేదు. పైగా రైబోజోము ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారినా మందుకి పట్టు దొరక్కపోవచ్చు, అలా తప్పించుకున్నవే పెరిగి ముఖమంతా నిండుతాయి. ఎరిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ కూడా దాదాపు అదే చోట అతుక్కుంటుంది, అందుకే ఒకటి పనిచేయనప్పుడు రెండోదానికి మారినా తరచూ ఫలితం ఉండదు. చర్మం మీదుండే స్టెఫిలోకాకస్ లాంటి వేరే బాక్టీరియా కూడా ఈ మందుకి అలవాటు పడుతుంది, నిజానికి నాకు మొటిమకన్నా దీని గురించే టెన్షన్.

అందుకే చర్మవైద్యులు దీన్ని ఒంటరిగా రాయొద్దంటారు. తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి. అది ఆక్సిజన్ రాడికల్స్‌తో బాక్టీరియాని ఒకేసారి నాలుగు వైపులా కొడుతుంది కాబట్టి దాన్ని తట్టుకునే బాక్టీరియా ఇప్పటిదాకా కనిపించలేదు. 2.5% కూడా 10% అంత బాగానే పనిచేస్తుంది, మంట తక్కువ. దిండు గలీబు రంగు పోగొడుతుంది, తెల్లది వేసుకోండి. వెంట్రుక కుదురు మూతి తెరిచే పని రాత్రిపూట రాసే అడాపలీన్ అనే మందుది. గర్భిణులు మాత్రం డాక్టర్ని అడగకుండా దాన్ని ముట్టుకోకూడదు.

సాధారణంగా ఫలితం తేలడానికి 12 వారాలు పడుతుంది. తగ్గాక ఆపాల్సింది యాంటీబయాటిక్‌ని, మిగతావి కొనసాగుతాయి. కానీ చాలామంది మిగతావి మానేసి క్లిండమైసిన్‌నే ఏడాదంతా రాస్తారు!

ఇంకోటి, ట్యూబు మీద బీటామెథసోన్ అనో క్లోబెటసాల్ అనో ఉంటే అది స్టెరాయిడ్. రెండు రోజుల్లో ముఖం నున్నగా అవుతుంది, వాడుతూ పోతే అదే కొత్తగా మొటిమలు తెప్పిస్తుంది.