రాత్రిపూట అద్దం ఎందుకు చూడొద్దన్నరు

చిన్నప్పుడు దేవరకొండ దగ్గర మా ఊళ్ళె కరెంటు పోయిందంటే నాయినమ్మ ముందు గ్యాసునూనె బుడ్డి ముట్టిచ్చేది, ఆ వెంటనే "అద్దం కాడికి పోకు బిడ్డా" అనేది. గోడకు సీలకు తగిలిచ్చిన చిన్న అద్దం, అంచుల పొంటి రసం పోయి నల్లమచ్చలు పడ్డది. ఒకరోజు మొండికేసి చూసిన. కొంచెంసేపటికి ఒక కన్ను కిందికి జారినట్టైంది, మూతి మాయమైంది, ఇంకొంచెంసేపటికి అండ్ల ఉన్నది నేను కాదనిపిచ్చింది. ఆ రాత్రి నిద్రపోలే.

ఇటలీ సైకాలజిస్టు జొవాన్ని కపూటో 2010లో దీని మీదనే పేపర్ వేసిండని చానేళ్ళకు తెలిసింది. 50 మందిని మసక గదిలో 25 వాట్ల బల్బు పెట్టి అద్దం ముందు 10 నిమిషాలు చూడమన్నడు. 66 శాతం మందికి సొంత మొహమే వికారంగ మారింది, 28 శాతం మందికి ఎవరో తెల్వని మనిషి, 18 శాతం మందికి అమ్మదో నాయినదో మొహం, 48 శాతం మందికి వింత భయంకర రూపాలు (కొందరికి ఒకటికంటే ఎక్కువ రకాలు కనబడ్డయి).

అసలు కిటుకు 1804లోనే స్విట్జర్లాండ్ డాక్టర్ ట్రోక్స్‌లర్ పట్టుకున్నడు. చూపు కదలకుండ ఒక్క చుక్క మీదనే పెడితే చుట్టూ ఉన్నయి మెల్లగ చెరిగిపోతయి, ఎందుకంటే మారనిదాన్ని గురించి కంటి నరాలు మెదడుకు చెప్పుడు తగ్గిస్తయి, ఆ ఖాళీని మెదడు పక్కనున్న రంగుతోని నింపేస్తది. కళ్ళనే చూస్తుంటే ముక్కు, మూతి పోతయి. మెదడుల మొహాలు గుర్తుపట్టే జాగ వేరే ఉంటది, దానికి అరకొర ముక్కలే అందితే వాటితోనే ఏదో ఒక మొహం కడతదని అంచనా.

ఇంట్ల అద్దంల సొంత మొహమే పరాయిదైతది, అందుకే నాకు మర్రిచెట్టు దయ్యం కథల కన్నా ఇంట్ల జరిగే దయ్యం కథలంటేనే భయం. మర్రిచెట్టు ఊరిబయట ఉంటది, ఆ తొవ్వన పోకుంటే అయిపాయె. అదే, ఇంట్ల ఉన్నది నలుగురం, పొద్దుగాల తలుపు తీస్తే గడప ముందు ఐదు జతల చెప్పులు, ఐదో జత ఇంకా తడిగ ఉంది అని రాస్తే? ఈ రకం భయానికి జర్మన్ల 'ఉన్‌హైమ్‌లిష్' అనే మాట ఉంది, అండ్ల 'హైమ్' అంటే ఇల్లే. మనసు డాక్టర్ ఫ్రాయిడ్ 1919లో దీని మీదనే పెద్ద వ్యాసం రాసిండు.

ఆ అద్దం ఇప్పుడు అక్కోళ్ళింట్ల ఉంది. మొన్న పోయినప్పుడు కరెంటు పోతే కావాల్నని దాని ముందు కూసున్న. నాలుగైదు నిమిషాలకు దవడ సన్నబడ్డది, కళ్ళు లోపలికి పోయినయి, చూస్తే అచ్చం నాయినమ్మ. కరెంటు వచ్చేదాంక అట్లనే చూసుకుంట కూసున్న.