పేనుబంక మధ్య గోధుమరంగు గింజలు

ఒక పాఠకురాలు గులాబీ కొమ్మ ఫొటో పంపి అడిగారు: "మొగ్గ నిండా పేనుబంక పట్టిందండీ. మధ్యమధ్యలో లేత గోధుమరంగు గింజల్లా ఉబ్బినవి ఉన్నాయి. గుడ్లేనా? ఏ మందు కొట్టమంటారు?"

దయచేసి ఏ మందూ కొట్టకండి! అవి గుడ్లు కావు. ఒక్కోటీ చచ్చిపోయిన పేనుబంక. ఆ డొల్లలో ఒక బుల్లి కందిరీగ పెరుగుతోంది. కీటక శాస్త్రంలో వీటిని మమ్మీలు అంటారు.

ఆ కందిరీగ పేరు అఫిడియస్. రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, మనల్ని కుట్టదు. పేనుబంకను మీసాలతో తడిమి చూసి, పొట్ట చివరను తన కాళ్ళ మధ్య నుంచి ముందుకు వంచి ఒక్క పోటు పొడుస్తుంది. రెప్పపాటులో గుడ్డు లోపలికి వెళ్ళిపోతుంది. పేనుబంక మాత్రం ఏమీ ఎరగనట్టు రసం పీలుస్తూనే ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన లార్వా ముందుగా ప్రాణాధారమైన భాగాల జోలికి పోదు, తిండి పాడవకూడదు కాబట్టి. ఆఖరున అన్నీ తినేసి, డొల్ల అడుగున చీలిక చేసి, పట్టుదారంతో దాన్ని ఆకుకు అతికించుకుని ప్యూపాగా మారుతుంది. రెక్కలొచ్చాక డొల్ల వెనక భాగంలో గుండ్రంగా కొరికి బయటపడుతుంది. భూతద్దంతో చూస్తే ఒక్కోసారి ఆ కన్నానికి మూత ఇంకా వేలాడుతూ కనిపిస్తుంది. కన్నం అంచులు చిరిగినట్టు ఉంటే, లోపల ఈ కందిరీగనే తిని పెరిగిన మరో కందిరీగ వచ్చిందన్నమాట. బడిలో సీతాకోకచిలుక జీవితచక్రాన్ని ఏళ్ళ తరబడి చెబుతాం, దీన్ని ఒక్కసారైనా ఎందుకు చూపించమో నాకు అర్థం కాదు.

మరి మందు ఎందుకు వద్దు? 1740లో జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ బొనే అప్పుడే పుట్టిన ఒక ఆడ పేనుబంకను ఒంటరిగా పెంచాడు. మగ తోడు లేకుండానే అది 95 పిల్లల్ని పెట్టింది. తల్లి కడుపులోని పిల్ల కడుపులో అప్పటికే మనవరాలు రూపుదిద్దుకుంటూ ఉంటుంది. పురుగులన్నిటినీ చంపే మందు కొడితే పేనుబంకా, కందిరీగా రెండూ పోతాయి. మిగిలిన నాలుగు పేనుబంకలు వెంటనే పిల్లల్ని పెట్టేస్తాయి. కందిరీగకు మాత్రం ముందు పేనుబంక దొరకాలి, ఆ తర్వాత రెండు వారాలు కావాలి. ఈలోగా మొగ్గ మళ్ళీ నిండిపోతుంది, మునుపటికంటే ఎక్కువగా.

మరీ ఎక్కువగా ఉంటే గట్టి నీటిధారతో కడగండి. పురుగుల కోసమే చేసిన సబ్బు ద్రావణమైతే తడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది, కానీ తగిలిన ఏ మెత్తటి పురుగునైనా చంపుతుంది. అందుకే గుంపు మీద మాత్రమే కొట్టాలి. అసలు చిక్కు చీమలతో. పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం అవి కాపలా కాసి కందిరీగల్ని తరిమేస్తాయి. కాండానికి టేపు చుట్టి, దాని మీద జిగురు పూసి చీమల దారి మూసేయండి. పక్కనే కొత్తిమీరనో సోంపునో పూతకు వదిలేయండి, ఎదిగిన కందిరీగలకు ఆ చిన్న పూల తేనె అందుతుంది.

ఇంకో పని. మమ్మీలున్న ఆకు ఒకటి తుంచి గాజు సీసాలో వేసి, పల్చటి గుడ్డ కట్టి, ఎండ తగలని చోట పెట్టండి. కొద్దిరోజుల్లోనే వెలుతురు వైపు గాజు మీద నల్లటి బుల్లి కందిరీగలు పాకుతూ కనిపిస్తాయి. పిల్లలకు చూపించి, సీసాను ఆ గులాబీ కిందే తెరవండి.