మూడు వారాలు దాటిన బొంగురు గొంతు: గొంతు క్యాన్సర్‌పై అపోహలు - వాస్తవాలు

గొంతులో మాట పుట్టే భాగమైన స్వరపేటికకు వచ్చే క్యాన్సర్ చాలామందిలో తొలి దశలోనే మాటలో మార్పు తెచ్చి తన ఉనికిని తెలియజేస్తుంది. అయినా ఊపిరి ఆడని స్థితి వచ్చేదాకా ఆగి వచ్చే రోగులను చూసినప్పుడు చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా నాకు ఎంతో బాధ కలుగుతుంది. ఆ ఆలస్యం వెనుక తరచుగా ఈ నమ్మకాలే ఉంటాయి.

అపోహ: గొంతు బొంగురుపోవడం జలుబు వల్లనే, మిరియాల కషాయంతో తగ్గుతుంది.

వాస్తవం: చాలాసార్లు కారణం జలుబే, కానీ అలాంటి బొంగురు సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. మూడు వారాలు దాటినా గొంతు మామూలు కాకపోతే, ముఖ్యంగా పొగ తాగే అలవాటున్న నలభై ఏళ్లు పైబడినవారైతే, స్వరపేటికను పరీక్షించకుండా మందులు మార్చుకుంటూ పోవడం ఎంతమాత్రం తగదు. ముక్కులోంచి సన్నని ఎండోస్కోపీ గొట్టం పంపి, పూర్తి మత్తు అవసరం లేకుండానే, కొద్ది నిమిషాల్లో చూడవచ్చు. స్వరపేటికలో కంపించి మాట పుట్టించే స్వరతంత్రులకు లింఫ్ నాళాలు (కణజాల ద్రవాన్ని గ్రంథులకు చేర్చే సన్నని నాళాలు) చాలా తక్కువ గనుక అక్కడ పుట్టిన క్యాన్సర్ మెడ గ్రంథులకు ఆలస్యంగా పాకుతుంది. తొలి దశలో రేడియేషన్‌తో గానీ లేజర్ శస్త్రచికిత్సతో గానీ పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుంది, మాట కూడా చాలావరకు నిలుస్తుంది.

అపోహ: నొప్పి లేని గడ్డతో భయం లేదు.

వాస్తవం: మెడలో నొప్పి లేకుండా గట్టిగా పెరిగే గడ్డనే మేము ఎక్కువ అనుమానిస్తాం. చెవిలో ఏ లోపమూ కనబడకుండా ఒకవైపే వచ్చే చెవినొప్పి, ముద్ద మింగుడు పడకపోవడం, ఉమ్మిలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా అశ్రద్ధ చేయరానివి. గొంతుకూ చెవికీ కొన్ని నరాలు ఉమ్మడి కావడం వల్ల గొంతులోని పుండు చెవిలో నొప్పిగా తెలుస్తుంది.

అపోహ: చుట్ట పొగను లోపలికి పీల్చం కాబట్టి హాని లేదు.

వాస్తవం: పీల్చకపోయినా ఆ పొగ నోటినీ గొంతునూ తాకుతూనే ఉంటుంది, క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. పొగాకుకు మద్యం తోడైతే ఆ రెండింటి హానిని కూడితే వచ్చేదానికంటే ముప్పు ఎక్కువవుతుంది. మానేసిన తర్వాత అది ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, కాబట్టి ఏ వయసులో మానినా మేలే.

అపోహ: ఏ అలవాటూ లేనివారికి ఈ జబ్బు రాదు.

వాస్తవం: దీర్ఘకాలం ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న కొందరు మహిళల్లో, పొగాకు ముట్టకపోయినా, స్వరపేటికకు వెనుక ఉండే ఆహారమార్గంలో క్యాన్సర్ రావచ్చు. రక్తహీనత ఉండి గట్టి ఆహారం మింగడం కష్టమవుతున్న తల్లులు ఇంట్లో ఉంటే దయచేసి పరీక్ష చేయించండి. మెత్తటి అన్నంతో, మజ్జిగతో సరిపెట్టుకుంటూ వారు నెలల తరబడి ఎవరికీ చెప్పరు. టాన్సిల్స్, నాలుక మొదలులో వచ్చే కొన్ని క్యాన్సర్లకు హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) కారణం.

అపోహ: ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: గొంతులో పుండు నుంచి చిన్న ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. ఆ పరీక్ష లేనిదే చికిత్సను నిర్ణయించలేం. ఖర్చుకు వెరచి ఆగినవారు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద తమకు అర్హత ఉందేమో ఆసుపత్రిలో ఆ పథకాల సహాయ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి.