ఐటినరీలో రేవు ఉంటే ఓడ ఆగుతుందనేనా? క్రూయిజ్ ప్రకటనలపై అపోహలు, వాస్తవాలు

ఏదైనా క్రూయిజ్ సంస్థ రాబోయే సీజన్ ఐటినరీలు, అంటే ఏ ఓడ ఏ తేదీన ఏ రేవులో ఆగుతుందో చెప్పే పట్టికలు, ప్రకటించిన రోజున మా ఆఫీసు ఫోన్లు ఉదయం నుంచే మోగడం మొదలవుతుంది. పన్నెండేళ్లుగా ఓడ ప్రయాణాలు బుక్ చేయడమే నా పని కనుక, ఫోనెత్తిన క్షణంలోనే అవతలివారి స్వరాన్నిబట్టి ఏమడగబోతున్నారో చాలావరకు తెలిసిపోతుంది. మళ్లీ ఆ పాత రేవులేనా అని పెదవి విరిచేవారు కొందరు. తమకిష్టమైన ఓడను వేరే సముద్రానికి పంపేశారని అలిగి, సంస్థే మునిగిపోతోందని ఎక్కడో విన్న మాట నాకు వినిపించేవారు ఇంకొందరు. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ఒక్క రేవు పేరు జాబితాలో కనబడగానే, క్యాబిన్ ఏదైనా సరే, ఈ పూటే డబ్బు కట్టేస్తామని తొందరపడేవారు మరికొందరు. అలిగినవారు రెండు రోజుల్లో సర్దుకుంటారు. నా బెంగంతా ఈ మూడోరకం వారి గురించే, ఎందుకంటే ఎక్కువగా నష్టపోయేది వారే.

అపోహ: ప్రకటించిన ఐటినరీలో ఉన్న రేవు ఖాయం. డబ్బు తీసుకున్నాక అక్కడికి తీసుకెళ్లవలసిన బాధ్యత సంస్థదే.

వాస్తవం: మీరు డబ్బు కట్టేది ఫలానా ఓడలో, ఫలానా తేదీల మధ్య, ఒక క్యాబిన్‌కు. రేవుల జాబితా ఆ సంస్థ ఉద్దేశం మాత్రమే. టికెట్ కొన్నవారిలో నూటికి తొంభైమంది తెరిచి చూడని ప్రయాణ ఒప్పందంలో ఈ విషయం స్పష్టంగానే ఉంటుంది: వాతావరణం, భద్రత, రేవు పరిస్థితులు లేదా మరే ఇతర కారణం చేతనైనా రేవును మార్చే, వదిలేసే, అక్కడ గడిపే సమయాన్ని తగ్గించే అధికారం సంస్థకూ కెప్టెన్‌కూ ఉంటుంది. రేవు తప్పిపోయినప్పుడు సాధారణంగా మీకు తిరిగి వచ్చేది ఆ రేవుకని వసూలు చేసిన పన్నులు, రుసుములు మాత్రమే. ప్రయాణ ఖర్చు ముందు ఆ మొత్తం ఏపాటిదో బిల్లు చూస్తే తెలుస్తుంది.

ఇందులో మోసం ఉందని నేను అనను. ఐటినరీలను సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు ముందుగానే అమ్మకానికి పెడతారు. ఆ సమయానికి కొన్ని రేవుల్లో బెర్త్ (ఓడను నిలిపే చోటు) ఖరారై ఉంటుంది, కొన్నిచోట్ల అభ్యర్థన స్థాయిలోనే ఉంటుంది. ఈ రెండేళ్లలో ప్రపంచం ఎక్కడికైనా పోవచ్చు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బాల్టిక్ ప్రయాణాల్లోంచి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ రాత్రికి రాత్రే మాయమైంది. నిజానికి చాలామంది ఆ ప్రయాణం కొన్నదే ఆ ఊరి కోసం. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక, సూయెజ్ మీదుగా వెళ్లవలసిన ఓడలు ఆఫ్రికా ఖండాన్నే చుట్టిపోవలసి వచ్చింది. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో వంతెన కూలి రేవు దారి మూసుకుపోవడంతో, అక్కడినుంచి బయలుదేరవలసిన క్రూయిజ్ ఓడలు నార్ఫోక్‌కు మారాయి. రేవులూ నియమాలు మార్చుకుంటాయి. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నడిబొడ్డున ఉన్న కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలోని జూనోలో 2024 సీజన్ నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకే చోటు. ఇవన్నీ వార్తల్లోకి ఎక్కిన సంగతులు. వార్తల్లోకి ఎక్కకుండా, ప్రతి సీజన్‌లోనూ, ఎక్కువ రేవులను మింగేసేది మాత్రం గాలి.

నాకు ఈ పాఠం నేర్పినవారు ఒక రిటైర్డ్ భూగోళశాస్త్రం మాస్టారు. దక్షిణ అమెరికా కొసను చుట్టివచ్చే ప్రయాణంలో ఫాక్లాండ్ దీవుల స్టాన్లీ పేరు కనబడిందని, ప్రకటన వచ్చిన రోజే ఆయన నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ముప్పయ్యేళ్లు ఆ దీవులను సుద్దముక్కతో బోర్డు మీద గీసిన మనిషి. స్టాన్లీ నుంచి వాలంటీర్ పాయింట్ అనే చోటికి ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో సరైన రోడ్డు లేని నేల మీద రెండున్నర గంటల ప్రయాణం, అక్కడ కింగ్ పెంగ్విన్‌ల కాలనీ. ఆ వాహనాన్ని ఓడ ద్వారా కాకుండా విడిగా, పూర్తి సొమ్ము ముందే చెల్లించి, రద్దు చేస్తే తిరిగి రాని షరతు మీద ఆయనే మాట్లాడుకున్నారు. నేను మాత్రం బాల్కనీ క్యాబిన్ ఏ డెక్కులో బాగుంటుందన్న దాని మీద అరగంట మాట్లాడి, అసలు చెప్పవలసిన ఒక్క మాట చెప్పలేదు. స్టాన్లీలో పెద్ద ఓడలు గట్టుకు చేరవు, బయట లంగరు వేసి టెండర్లలో, అంటే ఒడ్డుకు చేర్చే చిన్న పడవల్లో, మనుషులను దించుతాయి. అక్కడ గాలి ఎప్పుడు లేస్తుందో దానికే తెలియాలి.

ఆ ఉదయం ఓడ అక్కడిదాకా వెళ్లింది. మాస్టారు చెప్పినదాన్నిబట్టి, ఆయన ఆరింటికే రబ్బరు బూట్లు వేసుకుని, బైనాక్యులర్ మెళ్లో వేసుకుని, టెండర్ టోకెన్ చేత్తో పట్టుకుని లాంజ్‌లో కూర్చున్నారు. కిటికీలోంచి ఒడ్డు కనబడుతూనే ఉంది. ఎనిమిదిన్నరకు స్పీకర్‌లో కెప్టెన్ గొంతు వినిపించింది, గాలి తగ్గే సూచన లేదని. టోకెన్లు వెనక్కి తీసుకున్నారు. ఓడ తిరిగింది. ఆయన ఇంటికి చేరాక నాకు ఫోన్ చేసి, కోపంగా కూడా కాదు, "ఏమ్మా, గాలి వీస్తే దిగనివ్వరన్న సంగతి నీకు ముందే తెలుసా?" అని అడిగారు. తెలుసు. ఆ తరువాత నా దగ్గర బుక్ చేసుకున్న ఏ ఒక్కరికీ టెండర్ అన్న మాట చెప్పకుండా రసీదు ఇవ్వలేదు.

కనుక ఐటినరీ నచ్చిందని ఎవరైనా రాగానే నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మీకు ప్రాణమైన రేవు పేరును పెన్నుతో కొట్టేసి, మిగిలిన జాబితాను మళ్లీ చదవమంటాను. అప్పుడు కూడా వెళ్లాలనిపిస్తే బుక్ చేసుకోవచ్చు. అనిపించకపోతే ఆ ఊరికి విమానంలో వెళ్లడమే మేలని చెప్పి పంపిన సందర్భాలూ ఉన్నాయి, నా కమిషన్ పోయినా సరే. ఆ రేవుకు ఓడ గట్టుకు చేరుతుందా, టెండరా అని అడగండి. గ్రాండ్ కేమన్, శాంటోరిని వంటి పేరున్న చోట్ల కూడా టెండర్లే. ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి, ఎందుకంటే అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. ఓడ ద్వారా కొన్న పర్యటన రేవు తప్పిపోతే సాధారణంగా పూర్తి సొమ్ము వాపసు వస్తుంది. విడిగా మాట్లాడుకున్నదైతే ఓడ రాకపోయినప్పుడు ఏం చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మంచి నిర్వాహకులు చాలామంది ఓడ రాకపోతే డబ్బు తీసుకోరు. తప్పిపోయిన రేవుకు కొంత నిర్ణీత మొత్తం ఇచ్చే బీమా పాలసీలు కూడా కొన్ని ఉన్నాయి. బయలుదేరక ముందే సంస్థ ప్రయాణాన్ని గణనీయంగా మార్చితే, మీరు కొన్నది యూరోపియన్ యూనియన్ ప్యాకేజీ ప్రయాణ నియమాల పరిధిలోకి వచ్చేదైతే, రుసుము లేకుండా రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. అయితే ఏడు రేవుల్లో ఒకటి మారడం గణనీయమైన మార్పు కిందికి వస్తుందా అన్నది ప్రతిసారీ వాదనే. రేవు మారిందన్న ఈమెయిల్ వచ్చిన వెంటనే కంగారుపడి రద్దు చేసుకోకండి. మీరే రద్దు చేసుకుంటే జరిమానా మీ మీద పడవచ్చు, సంస్థ ఏమిస్తుందో అడిగాక చేసుకుంటే పడకపోవచ్చు.

అపోహ: జాబితాలో ఊరి పేరుంటే ఓడ ఆ ఊళ్లోనే ఆగుతుంది.

వాస్తవం: "రోమ్" అంటే చివిటావెకియా. అక్కడినుంచి రోమ్ దాదాపు 70, 80 కిలోమీటర్లు. "పారిస్" అంటే లె హావ్ర్, అంటే సుమారు 200 కిలోమీటర్లు. "బ్యాంకాక్" అంటే చాలాసార్లు లేమ్ చబాంగ్, వంద కిలోమీటర్ల పైమాటే. "వెనిస్" అని పెద్ద అక్షరాలతో రాసి పక్కన చిన్న అక్షరాలతో రవెన్నా అని ఉంటే, ఆ చిన్న అక్షరాల విలువ 150 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఫిర్యాదులు తెచ్చేది "బెర్లిన్". ఓడ ఆగేది బాల్టిక్ తీరంలోని వార్నెముండేలో. బెర్లిన్‌కు వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు. ఐటినరీలో ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు అని ఉంటే పది గంటలు చేతిలో ఉన్నాయనుకుంటారు. దిగడానికి అనుమతి వచ్చేసరికి కొంత పోతుంది, తిరిగి ఎక్కవలసిన సమయం బయలుదేరడానికి అరగంట ముందే ఉంటుంది. ఆరు గంటల బస్సు తీసేస్తే బెర్లిన్‌కు మిగిలేది మూడు గంటలు, అందులో భోజనం ఒకటి. వార్నెముండే అందమైన ఊరు, అక్కడే తిరగండి అని చెప్తే వినేవారు తక్కువ.

అంటార్కిటికా విషయంలో ఇదే పొరపాటు ఇంకా ఖరీదైనది. 500 మందికి మించిన ప్రయాణికులున్న ఓడ నుంచి అక్కడ ఎవరినీ నేల మీద దించరు. చిన్న ఓడల నుంచి కూడా ఒక చోట ఒకేసారి వందమందిని మించి దించరు. పెద్ద ఓడ ఐటినరీలో అంటార్కిటికా పక్కన "సీనిక్ క్రూజింగ్" అని ఉంటే దాని అర్థం డెక్కు మీద నిలబడి చూడడం. అది తక్కువ అనుభవమేమీ కాదు. మంచు మీద కాలు పెడతామని మనుమలకు మాట ఇచ్చి బయలుదేరకండి, అంతే.

అపోహ: అమెరికాలోని సియాటెల్ నుంచి వెళ్లే అలాస్కా ప్రయాణాల్లో రాత్రిపూట కెనడాలోని విక్టోరియాలో ఆపడం ఏదో లాలూచీ వల్లే.

వాస్తవం: చట్టం వల్ల. 1886 నాటి అమెరికా ప్రయాణికుల నౌకా సేవల చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న, అంటే వేరే దేశంలో నమోదైన, ఓడ మధ్యలో విదేశీ రేవును తాకకుండా అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు ప్రయాణికులను చేరవేయకూడదు. క్రూయిజ్ ఓడల్లో దాదాపు అన్నిటికీ విదేశీ జెండాయే కనుక ఈ మొక్కుబడి మజిలీ తప్పదు. అమెరికా జెండా ఉన్న ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ హవాయి దీవులను మరే దేశమూ తాకకుండా చుట్టిరాగలుగుతోంది అందుకే. చాలామంది దీన్ని జోన్స్ చట్టం అంటారు. అది 1920 నాటిది, సరుకులకు సంబంధించినది. మనుషులు సరుకు కాదు కదా!

ధరల గురించి రెండు అపోహలు చలామణిలో ఉన్నాయి. ఒకటి, ప్రకటించిన రోజు ధరే అన్నిటికంటే తక్కువ. రెండు, చివరిదాకా ఆగితే సగానికి వస్తుంది. రెండూ ఒక్కోసారి నిజమవుతాయి కనుకే రెండూ బతికి ఉన్నాయి. ధర తగ్గినా పెరిగినా చెక్కుచెదరని సంగతి ఒకటుంది: చక్రాల కుర్చీకి అనువైన క్యాబిన్లు, ఒంటరి ప్రయాణికుల క్యాబిన్లు, లోపల తలుపుతో కలిసే జంట క్యాబిన్లు ప్రతి ఓడలోనూ కొద్దిగానే ఉంటాయి, అవి ముందే అయిపోతాయి. అవి కావలసినవారు తొందరపడడం న్యాయమే. వాపసు వచ్చే డిపాజిట్ అడగండి, వాపసు రానిది కొంచెం చవకైనా సరే.

ఓడను మీ ప్రాంతం నుంచి తీసేస్తే సంస్థ దివాళా తీస్తోందన్న పుకారుకు నేనిక జవాబు చెప్పదలచుకోలేదు. ఓడలు పక్షుల్లా రుతువులను బట్టి వలసపోతాయి. వేసవిలో అలాస్కాలో తిరిగిన ఓడ చలికాలంలో అక్కడ చేసే పనేమీ ఉండదు.

ఇక వీసా. కొన్ని గంటలే దిగుతాం, లేదా అసలు దిగనే దిగం, కనుక వీసా అక్కరలేదని అనుకునేవారిని చూస్తే మాత్రం నాకు విసుగు రాదు, భయం వేస్తుంది. కొన్ని దేశాలు ఓడ దిగకపోయినా వీసా ఉండాలంటాయి. మీ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) అవసరమైతే, గ్రీసు రేవు పిరెయస్‌లో ఎక్కి, తుర్కియే రేవును తాకి, మళ్లీ గ్రీకు దీవికి వచ్చే ప్రయాణంలో మీరు షెంగెన్ ప్రాంతంలోకి రెండుసార్లు ప్రవేశిస్తున్నట్టు లెక్క. ఒకే ప్రవేశానికి తీసుకున్న వీసా అక్కడికి చాలదు. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, పక్కనే ఉన్న మాంటెనెగ్రో చేరలేదు. ఈ మధ్యనే వెళ్లివచ్చిన స్నేహితుడి మాట పట్టుకుని బయలుదేరకూడదు, ఆయన పాస్‌పోర్టు వేరు, ఆయన వెళ్లిన ఏడాది వేరు. పత్రాలు సరిగా లేవని చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఆపేస్తే ఓడ మీ కోసం ఆగదు, కట్టిన డబ్బు తిరిగి రాదు. రేవుల జాబితాను తేదీలతో సహా ముద్రించుకుని, ఒక్కో దేశం పక్కన మీ పాస్‌పోర్టుకు ఏం కావాలో ఆ దేశపు అధికారిక సమాచారం చూసి రాసుకుని, డిపాజిట్ కట్టకముందే నా దగ్గరికి తీసుకురండి. పక్కన కూర్చుని చూస్తాను.